పందొమ్మిదేళ్ళ కొత్తల్లుడు

నా పెళ్ళయి పదకొండు వారాలైంది. మా ఆయన మా పుట్టింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు కుర్చీ తుడిచి వేశారు. రెండోసారి తుడవకుండా వేశారు. మూడోసారి, "బాబూ, వంటింట్లో బల్బు కాస్త మార్చిపెడతావా?" అని అదే కుర్చీ ఎక్కించారు. కొత్తల్లుడి మర్యాదలకు ఎక్కడైనా అంతే ఆయుష్షు. ఒక్క మా ఆఫీసులో తప్ప. మా ఆఫీసుకు ఒక అల్లుడుగారున్నారు. పందొమ్మిదేళ్ళుగా ఆయన కొత్తల్లుడే.

మాది ప్రభుత్వంవారి విమానాల రాకపోకల నియంత్రణ కేంద్రం. పై అంతస్తులో కంట్రోల్ హాలు. అక్కడ కంట్రోలర్లు తెరల ముందు కూర్చుని, ఏ విమానం ఎంత ఎత్తున పోవాలో, ఏది ముందు దిగాలో పైలట్లకు రేడియోలో చెబుతుంటారు. కింది అంతస్తులో యంత్రాల గది. ఆ తెరల మీదికి ఆకాశం బొమ్మను పంపే యంత్రాలు నాలుగు, ఒక్కొక్కటి ఫ్రిజ్ అంత, అందులో ఉంటాయి. వాటిని పందొమ్మిదేళ్ళ కిందట అమ్మిన కంపెనీ తరఫు మనిషే, మేం చాటుగా పిలుచుకునే మా అల్లుడుగారు. ఆయన వస్తున్నారని గేటు నుంచి ఫోను రాగానే డైరెక్టరుగారి గదిలో ఏసీ రెండు డిగ్రీలు తగ్గుతుంది. కప్పుల కింద సాసర్లు పుట్టుకొస్తాయి. మా క్యాంటీన్ కాఫీకి నురగ కూడా రాగలదని నాకు ఆయన వల్లే తెలిసింది.

నేను సాంకేతిక విభాగంలో ఇంజనీరుని. నాలుగేళ్ళ చదువుతో నేను చేసే పని ఆ యంత్రాల ఒళ్ళు పొడిగుడ్డతో తుడవడం. తడిగుడ్డ అయితే కంపెనీ అనుమతి కావాలి. ప్రతి యంత్రం తలుపు మీదా ఒక ఎర్ర స్టిక్కరు: "కంపెనీ ప్రతినిధి కాక మరెవరు తెరిచినా హామీ రద్దగును." ఆ హామీకి గడువు తీరి పద్నాలుగేళ్ళయింది. భయానికి మాత్రం ఇంకా తీరలేదు. ఆమధ్య రెండో యంత్రంలో చిన్న ఫ్యాను ఒకటి గరగరమంటే, పదకొండు రోజులు ఉత్తరాలు నడిచాక అల్లుడుగారు వేంచేశారు. తాళం తీయబోతూ, "కంపెనీ రహస్యాలండీ, ఏమీ అనుకోకండి," అన్నారు. ఆరుగురు ఇంజనీర్లం గోడవైపు తిరిగి నిలబడ్డాం. పెళ్ళికూతురు బట్టలు మార్చుకునేటప్పుడు కూడా అంత మర్యాద దొరకదు. నాకు దొరకలేదు, మా పిన్నులు తొమ్మిదిమందీ గదిలోనే ఉన్నారు.

అలాంటి ఫ్యాన్లు మా ఆయన దుకాణంలో సొరుగు నిండా ఉన్నాయి. మా ఆయన గడియారాలు, రేడియోలు బాగుచేస్తాడు. పెళ్ళికి వచ్చిన మిక్సీని మూడోరోజే విప్పి, మళ్ళీ బిగించి, "పరవాలేదోయ్, బాగానే చేశారు," అని తయారుచేసినవాళ్ళని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు చూసి నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను. ఈ పదకొండు వారాల్లో నాకు అన్నీ అలాగే ఉన్నాయి లెండి. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు చూసినా నవ్వొస్తోంది.

ఈ సంబంధం కుదిర్చింది మా అత్తయ్యే. ఆవిడ కంట్రోల్ హాల్లో ఉదయం షిఫ్టుకు పెద్ద. ఒకరోజు ఫోను వైరు సంగతి అడగడానికి కిందికి వచ్చి, నేను వైర్లు చుట్టడం చూశారట. "ఇంత పద్ధతిగా చుట్టే పిల్ల ఇల్లు చిక్కుపడనివ్వదు," అని అక్కడికక్కడే నిర్ణయించేసుకున్నారట. ఆఫీసులో ఆవిడ మేడమ్, ఇంట్లో అత్తయ్య. బస్సులో వస్తుండగా ఎక్కడో మధ్యలో ఆ మార్పు జరుగుతుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు ఆవిడది. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతారు. ఇంతవరకు ఒక్క మెమో లేదు. మా కేంద్రంలో ఒక్క మచ్చ కూడా లేకుండా రిటైరయినవాళ్ళ ఫొటో మెట్ల పక్క గోడకు తగిలిస్తారు. ఇప్పటికి మూడే ఫొటోలు, ముగ్గురూ మగవాళ్ళే. నాలుగోది తనదేనని అత్తయ్య ఎవరితోనూ అనలేదు. ఫొటోలో కళ్ళజోడు ఉంచుకోవాలా, తీసేయాలా అని మాత్రం నన్ను రెండుసార్లు అడిగారు.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాత యంత్రాలు మార్చాలి, ఇకమీదట ఏ ఒక్క కంపెనీ మీదా ఆధారపడకూడదు అని. దానికి పదకొండుమందితో స్వావలంబన కమిటీ వేశారు. మొదటి సమావేశానికి ప్రత్యేక ఆహ్వానితులు ఎవరనుకుంటున్నారు? అల్లుడుగారే. అల్లుణ్ణి ఇంట్లోంచి ఎలా సాగనంపాలా అని ఆలోచించడానికి అల్లుణ్ణే పిలిచి పీట వేశారన్నమాట. ఆయన కూడా ఎంతో సహృదయంతో, "తప్పకుండా మీ కాళ్ళ మీద మీరు నిలబడాలండీ. ఎలా నిలబడాలో మా కంపెనీ నేర్పిస్తుంది," అన్నారు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. కొత్త యంత్రం ఏమేం చేయాలో టెండరులో రాయాలంటే, పాత యంత్రం ఏమేం చేస్తోందో తెలియాలి కదా. అది మా కేంద్రంలో ఒక్కరికీ తెలియదు. కాగితాలన్నీ కంపెనీ దగ్గరున్నాయి. డైరెక్టరుగారు నన్ను పిలిచారు.

"అమ్మా, నువ్వు కొత్తగా పెళ్ళైనదానివి, హుషారుగా ఉన్నావు. హాల్లో కొన్నాళ్ళు కూర్చో. అక్కడ ఏమేం జరుగుతోందో చూసి ఉన్నది ఉన్నట్టు రాయి. నీ బుర్ర మాత్రం వాడకు. బుర్ర వాడితే రేపు ఆడిట్‌కి ఎవరు సమాధానం చెప్తారు?"

నాకు పట్టలేనంత సంతోషం. పొడిగుడ్డ నుంచి పెన్సిలుకు వచ్చాను. ఐదు వారాలు హాల్లో కూర్చుని, కనబడిందల్లా, వినబడిందల్లా రాశాను. మా ఆయన రోజూ పెన్సిలు చెక్కి డబ్బాలో పెట్టేవాడు. మూడు వందల డెబ్భై ఒక్క అంశాలయ్యాయి. అందులో రెండు వందల పద్నాలుగోది ఎలా వచ్చిందో చెప్పాలి.

ప్రతి ఉదయం ఆరూ పదికి హాల్లో తెరలన్నీ ఆగిపోతాయి. నిన్నటి లెక్కలు చెరిపేసి ఇవాళ్టికి చోటు చేసుకునేటప్పుడు ఆ ముసలి యంత్రానికి బొమ్మ గీసే ఓపిక ఉండదు. కొత్తలో ఇదంతా నాలుగు సెకన్లలో అయిపోయేదట. వయసుతోపాటు బద్ధకం పెరిగి నలభైకి వచ్చి ఆగింది. అందుకని ఆ కాస్సేపు ఏ విమానాన్నీ పైకి లేవనివ్వరు. గాల్లో ఉన్నవాళ్ళకు కూడా ఈ సంగతి అలవాటే. "ఏమండీ, ధ్యానం అయిందా?" అని పైలట్లు రేడియోలో అడుగుతుంటారు.

ఆ నలభై సెకన్లూ అత్తయ్యవి. తెరలు ఆగగానే ఆవిడ ఒక్క చప్పట కొడతారు. అందరూ తెర మీంచి కళ్ళు తీసేస్తారు. బల్లల మీద విమానానికొకటి చొప్పున కాగితపు పట్టీలుంటాయి, ఏది ఎక్కణ్ణుంచి ఎక్కడికో పెన్సిలుతో రాసినవి. వాటిని చూస్తూ ఒకరి తర్వాత ఒకరు కేకలేస్తారు. "సరుకుల విమానం, ఇరవై ఎనిమిది వేల అడుగులు, ఉత్తరం నుంచి, ఈపాటికి నది దాటి ఉంటుంది!" "చిన్నది, తొమ్మిది వేలు, దిగుతోంది, ఎడమకు తిరగబోతోంది!" నలభై సెకన్లయ్యాక తెరలు మేలుకుంటాయి. వాళ్ళు చెప్పిన చోటే చుక్కలుండాలి. తప్పినవాళ్ళు అందరికీ టీ ఇప్పించాలి. ఇన్నేళ్ళలో అత్తయ్య ఒక్కసారీ ఇప్పించలేదట.

మొదటిసారి చూసినప్పుడు నా పెన్సిలు ఆగిపోయింది. కళ్ళు మూసుకుని ఆకాశాన్ని అప్పజెబుతున్నట్టుంది.

"రాసుకున్నావా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"ఇది కూడా రాయాలా మేడమ్?"

"ఎందుకు రాయవు? ఈ హాల్లో గొప్పగా చెప్పుకోదగ్గది ఇదొక్కటే."

నేను బుర్ర వాడలేదు. బుద్ధిగా రాశాను: "214. ప్రతి ఉదయం 6 గంటల 10 నిమిషాలకు తెరలన్నీ నలభై సెకన్లపాటు నిశ్చలముగా నిలిచి ఉండవలెను."

కమిటీవారు పదకొండుమందీ నా జాబితాను తొమ్మిది రోజులు పరిశీలించారు. నాలుగుచోట్ల కామాలు పెట్టారు. టెండరు అచ్చయి బయటికి వెళ్ళింది. గెలిచిన కంపెనీకి పన్నెండేళ్ళ ఒప్పందం.

సోమవారం పొద్దున్న అల్లుడుగారు స్వయంగా యంత్రాల గదికి దిగివచ్చారు. చేతిలో చాక్లెట్ల డబ్బా.

"రెండు వందల పద్నాలుగు రాసింది మీరేనటగా?" అన్నారు. "మా కంపెనీలో ముప్ఫైమంది కూర్చుని రాసినా అంత బాగా కుదిరేది కాదమ్మా."

"అందులో అంత ఏముందండీ?"

"ఇప్పుడొచ్చే యంత్రాలు ఎక్కడా ఆగవు కదా. ఆగాలంటే మా పాత పద్ధతే కావాలి. దాని మీద హక్కులు మావి. మిగతా నాలుగు కంపెనీలూ పాపం, ఆగమన్నా ఆగలేరు." డబ్బా మూత తీసి నా ముందు పెట్టారు. "తీసుకోండి, తీసుకోండి. కొత్త పెళ్ళికూతురు నోరు తీపి చేసుకోవాలి."

ఆయన మాట అర్థమయ్యేలోపు నేను రెండు తినేశాను. చాలా బాగున్నాయి కూడా, అదే సిగ్గుచేటు.

పన్నెండేళ్ళు! ఇంకో పన్నెండేళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. అదీ నా పెన్సిలు వల్ల. డైరెక్టరుగారి గదికి పరిగెత్తాను. ఆయన ఎంతో సేపు నిబంధనల పుస్తకం తిరగేసి, తేలు కుట్టిన దొంగలా చుట్టూ చూసి, మెల్లగా అన్నారు.

"గురువారం కంపెనీలన్నిటితో ప్రశ్నల సమావేశముంది. అది ముగిసేలోపు దిద్దుకోవచ్చు. కానీ ఇది అవసరం కాదు, యంత్రంలో లోపం అని వాడేవాళ్ళ తరఫు ప్రతినిధి సంతకం పెట్టాలి."

"ఆ ప్రతినిధి ఎవరండీ?"

"మీ అత్తగారు," అన్నారు, ఆవలి ఒడ్డున నిలబడి జాలిపడుతున్నట్టు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తయ్య కూరగాయలు తరుగుతున్నారు. మా ఆయన భోజనాల బల్ల మీద ఎవరిదో గోడగడియారం విప్పి పెట్టుకున్నాడు. నేను సంగతంతా చెప్పాను. కత్తి చప్పుడు ఆగింది.

"దాన్ని లోపమని రాయాలా?"

"తెర ఆగిపోవడం లోపమే కదా అత్తయ్యా. మీరంతా గొప్పగా నెట్టుకొస్తున్నారు కాబట్టి..."

"మరి ఇన్నేళ్ళూ నేనేం రాశాననుకుంటున్నావు? షిఫ్టు దిగేటప్పుడు ఫారంలో 'యంత్రం పరిస్థితి: సాధారణం' అని టిక్కు పెట్టి సంతకం చేశాను. మూడు వేల పైచిలుకు సంతకాలు. ఇప్పుడది లోపమంటే ఆ మూడు వేలూ అబద్ధాలే. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసి, చివరి ఐదు నెలల్లో మెమో మెడలో వేసుకుని దిగిపొమ్మంటావా?"

"తప్పు నాది, తెలియక రాశానని నేనే చెప్తాను."

"చెప్పు. తెలియక రాశావంటే నీ ఉద్యోగానికి ఎసరు. తెలిసి రాయించానంటే నాకు. అయినా ఎవరు రాయమన్నారే నిన్ను అన్నీ?"

మీరేగా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ కష్టం మా ఆయన తీర్చాడు.

"నువ్వేగా అమ్మా," అన్నాడు తలెత్తకుండా. "అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ. బాగుంది న్యాయం."

"నువ్వు నోరు మూసుకుని ఆ గడియారం సంగతి చూసుకో."

"చూస్తున్నాను. ఇది కూడా రోజుకోసారి ఆగుతోందని తెచ్చాడు పాపం. 'సాధారణం' అని చీటీ కట్టి ఇచ్చేయనా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపడం విన్నాను గానీ, కొడుకు మీద కోపం ముల్లంగి మీద చూపడం ఆరోజే చూశాను. ముక్కలు గది అవతలికి ఎగిరాయి. ఆ తర్వాత రెండు రోజులు అత్తయ్య నాతో ఇంట్లో కూడా ఆఫీసు భాషే మాట్లాడారు. "ఇంజనీరుగారూ, ఆ ఉప్పు ఇటు అందించగలరా?" నేను కూడా, "అలాగే మేడమ్," అని అందించాను. మా ఆయన మాత్రం రెండు కళ్ళల్లోనూ నీళ్ళొచ్చేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఫొటో కోసం కళ్ళజోడు తీసి అద్దంలో చూసుకునే మనిషిని, మచ్చ పడుతుందని తెలిసీ సంతకం పెట్టమని ఎలా అడగను? అడగకుండా ఎలా ఉండను?

గురువారం సమావేశం. నాలుగు కంపెనీలవాళ్ళకూ ప్లాస్టిక్ కుర్చీలు. అల్లుడుగారికి ముందు వరసలో సోఫా. వేదిక మీద డైరెక్టరుగారు, ఆయన పక్కన వాడేవాళ్ళ ప్రతినిధిగా అత్తయ్య. నేను గోడ పక్కన జాబితా పట్టుకుని నిలబడ్డాను.

ఒక చిన్న కంపెనీ నుంచి వచ్చిన బట్టతలాయన లేచాడు. "రెండు వందల పద్నాలుగు మాకు అర్థం కాలేదండీ. తెరలు ఎందుకు ఆగాలి?"

"అది వాడేవాళ్ళ అవసరం," అన్నారు డైరెక్టరుగారు, నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ.

"తెరలు ఆగినప్పుడు విమానాలు కూడా ఆగుతాయాండీ?"

అందరూ గొల్లున నవ్వారు. "తప్పు నాదండీ..." అని ముందుకు వచ్చాను.

"నువ్వు అలా నిలబడమ్మా, నిన్నెవరూ అడగలేదు," అన్నారు డైరెక్టరుగారు.

అప్పుడు అల్లుడుగారు సోఫాలోంచి లేచి, కోటు గుండీ పెట్టుకుని, చిరునవ్వు నవ్వారు. "నేను చెప్తానండీ. అది ఆగిపోవడం కాదు, భద్రతా విరామం. పైకి తెర నిశ్చలంగా కనిపించినా, ఆ నలభై సెకన్లూ మా యంత్రం లోలోపల ప్రతి విమానాన్నీ కంటికి రెప్పలా కాపాడుతూనే ఉంటుంది. పందొమ్మిదేళ్ళలో ఆ సమయంలో చిన్న పొరపాటు కూడా జరగలేదు. మా కంపెనీ ప్రత్యేకత అది. కావాలంటే మేడమ్‌ని అడగండి."

అందరూ మేడమ్ వైపు చూశారు. అత్తయ్య చేతిలో పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"ఆ నలభై సెకన్లు విమానాల్ని ఎవరు కాపాడతారన్నారు అల్లుడుగారూ?"

వెనక వరసలో మా క్యాంటీన్ మనిషి పళ్ళెం జారవిడిచాడు. ఆ పేరు ఆయన ముందు ఎవరూ ఎన్నడూ అనలేదు. ఆయన మొహంలో రంగు మారింది గానీ, చిరునవ్వు తీసేయడం మరిచిపోయారు.

"మా యంత్రమే మేడమ్. లోపల."

"పోయిన చలికాలం పొగమంచు పట్టిన రోజు పద్నాలుగు విమానాలు దిగడానికి చోటు లేక పైన తిరుగుతున్నాయి. ఆరూ పదికి తెరలు ఆగాయి. పద్నాలుగూ ఎక్కడున్నాయో మీ యంత్రం ఎవరికి చెప్పింది?"

"అంటే... బయటికి చెప్పదు మేడమ్. తనలో తాను చూసుకుంటుంది."

"తనలో తాను! మరి నేనూ, నా పక్కన ఐదుగురూ గొంతులు పోయేలా అరిచింది ఎందుకంటారు? ఊసుపోకా? ఇన్నేళ్ళూ కాగితం ముక్కలు పట్టుకుని మా బుర్రలతో మీ యంత్రం పరువు నిలబెడితే, అది మీ ప్రత్యేకత అయిందా?"

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మేడమ్, మరి అది లోపమని మీరెప్పుడూ రాయలేదే? రోజూ సాధారణమనేగా రాశారు?"

ఇదే ఆ క్షణం. నేను రెండు రోజులుగా భయపడుతున్నది. అత్తయ్య ముందున్న ఫైలు తెరిచి ఒక ఖాళీ ఫారం తీశారు.

"ఇదిగోండి మేం రోజూ నింపే ఫారం. యంత్రం పరిస్థితి అన్నచోట గళ్ళు రెండే ఉన్నాయి. ఒకటి 'సాధారణం'. రెండోది 'రాకపోకలన్నీ నిలిపివేయబడినవి'. మధ్యలో ఏమీ లేదు. కుంటుతున్నవాణ్ణి పట్టుకుని, నడుస్తున్నావా, చచ్చావా అని అడిగితే ఏం చెప్తాడు?"

"పక్కన ఖాళీలో రాయొచ్చు కదా!"

"గళ్ళ బయట రాసిన ఫారాలు చెల్లవని సర్క్యులర్ ఇచ్చారు. సంతకం మీదే. ఇక ఈ ఫారం ఎవరు తయారుచేసి ఇచ్చారో కింద చిన్నక్షరాల్లో ఉంది. కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది."

డైరెక్టరుగారు పెట్టుకోలేదు. బట్టతలాయన మాత్రం వేదిక దాకా వచ్చి, వంగి, పైకే చదివాడు. అల్లుడుగారి కంపెనీ పేరే.

"అయినా తప్పు నాదే," అన్నారు అత్తయ్య. గొంతు కొంచెం తగ్గింది. "మొదటిరోజే మూడో గడి నేనే గీసి ఉండాల్సింది. మా అరుపులు చూసుకుని మేమే మురిసిపోయాం. అమ్మాయ్, ఆ సవరణ కాగితం ఇటివ్వు."

ఇచ్చాను. "214వ అంశము లోపము, అవసరము కాదు," అన్న వాక్యం కింద సంతకం పెట్టారు.

బట్టతలాయన ఇంకా కుర్చీకి వెళ్ళలేదు. "మరి ఆ అభ్యాసం మానేస్తారాండీ?" అని అడిగాడు. కాస్త దిగులుగానే అడిగినట్టుంది.

"ఎందుకు మానేస్తాం? ఆకాశం ఖాళీగా ఉన్నప్పుడు తెర మీద తువ్వాలు కప్పుకుంటాం. తువ్వాలుకు టెండరు అక్కర్లేదుగా."

ఫ్యాను మార్చడానికి పదకొండు రోజులు పట్టిన మా కేంద్రంలో, అత్తయ్యకు మెమో రావడానికి ఒక్కరోజు పట్టింది. యంత్ర లోపాన్ని పందొమ్మిదేళ్ళు దాచినందుకు సంజాయిషీ ఇవ్వమని. మరుసటి శుక్రవారానికల్లా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఎక్కింది. గళ్ళ బయట రాయొద్దన్న సర్క్యులర్ మాత్రం వెతికినా దొరకలేదట. కంపెనీ కూడా ఊరుకోలేదు. నలభై సెకన్ల విరామం తీసేస్తే భద్రత దెబ్బతింటుందని అభ్యంతరం రాసింది. కమిటీ దాన్ని పరిశీలిస్తోంది, బహుశా కామాలు పెడుతోంది. కానీ 214 పోయింది. ఇప్పుడు బరిలో ఐదు కంపెనీలున్నాయి. అల్లుడుగారు వస్తూనే ఉన్నారు, కాఫీ నురగతోనే వస్తోంది. కాకపోతే, ఇక్కడ నన్ను ఏమని పిలుస్తారయ్యా అని క్యాంటీన్‌లో ఆరా తీస్తున్నారట.

హెచ్చరిక కాగితం అత్తయ్య ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల దగ్గర పైకి చదివారు. "'ఇకముందు అప్రమత్తముగా ఉండవలెనని హెచ్చరించడమైనది.' ఐదు నెలలకి ఎంత అప్రమత్తత సరిపోతుందంటావు?"

నేను నవ్వబోయి ఏడ్చేశాను.

"ఇదెందుకే ఇప్పుడు? ఆ గోడ మీద ఎలాగూ ఎండ పడుతుంది. ఆ ముగ్గురి ముక్కులూ ఇప్పటికే వెలిసిపోయాయి." కాగితం మడిచి మా ఆయన స్క్రూడ్రైవర్ల డబ్బా కింద పెట్టారు. "ఇంతకీ నీ జాబితాలో ఇంకేం రాశావో ఎవరైనా చూశారా?"

"కమిటీ చూసింది కదండీ."

"కమిటీ సంగతి కాదు. మనుషులెవరైనా చూశారా అంటున్నాను. పట్రా."

ఒక సవరణ జరిగితే జాబితా మొత్తం పదిహేను రోజుల్లో మళ్ళీ సరిచూసి ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ ఆదివారం పొద్దున్నే ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. నేను చదవడం, అత్తయ్య, "ఇది యంత్రం చేసేదా, మనం చేసేదా?" అని అడగడం, మా ఆయన పెన్సిలు చెక్కడం. అప్పుడు బయటపడింది నా ఘనకార్యం. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారని, హాల్లో వినబడిందల్లా యంత్రం ఖాతాలో వేసేశాను. 88లో యంత్రం పైలట్లకు శుభోదయం చెబుతుంది. 141లో షిఫ్టు మారేటప్పుడు కుర్చీ ఎత్తు సరిచేస్తుంది. మధ్యాహ్నానికి అరవై కొట్టేశాం. మా ఆయన బల్ల మీద తల వాల్చి నవ్వుతున్నాడు.

"302," అని చదివాను. "వాతావరణము బాగుండనప్పుడు, భయపడిన పైలట్‌తో మెల్లగా, ఒక్కొక్క మాటగా మాట్లాడును. అతడు దిగువరకు లైనులో ఉండును."

అత్తయ్య కాగితం అందుకుని తనే మళ్ళీ చదువుకున్నారు.

"ఇది ఏ యంత్రమే?"

నా పాత నోటు పుస్తకం తిరగేశాను. "మూడో కుర్చీ అని రాసుకున్నానండీ."

"మూడో కుర్చీలో కూర్చునేది నేను."

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, పెన్సిలు ఆ గీత మీద పెట్టి ఆపారు.

"ఉంచుదామా?" అన్నారు, పెదవి చివర నవ్వుతో. "ఐదుగురిలో ఎవడు తెచ్చిస్తాడో చూద్దాం."

తర్వాత కొట్టేశారు. "ఊఁ, 303 చదువు."